ఒకే రూపాయి – బందరు డాక్టరు గారి బ్యాంకు

డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారి పేరు మన తమ్ముళ్లందరికీ తెలుసు. గ్రూప్స్ గైడ్లలో ఆయన ఒక మార్కు ప్రశ్న. ఆంధ్రా బ్యాంకు స్థాపకుడు ఎవరు? కాంగ్రెస్ చరిత్ర రాసిందెవరు? 1939లో సుభాష్ చంద్రబోసు చేతిలో ఓడిపోయిందెవరు? మూడింటికీ జవాబు ఒక్కటే. సావనీరు కమిటీ వారు ఒక మహనీయుని జీవితం రాసి పంపమన్నప్పుడు నేను ఆయన్నే ఎంచుకోవడానికి కారణం ఈ ప్రశ్నలు కావు. ఎం.ఏ. అర్థశాస్త్రంలో మాకు ఒక పాఠం ఉంది. ఒకే నాణెం వాడుకునే దేశాల మధ్య పేద దేశం ధనిక దేశాన్ని అందుకుంటుందా, లేదా అన్నది ఆ పాఠం. పుస్తకాల్లో దీన్ని అభిసరణ అంటారు. మామూలు మాటల్లో చెప్పాలంటే వెనకబడినవాడు ముందున్నవాడి పక్కకు వచ్చి నిలబడటం. క్లాసులో అంతా యూరప్ గురించే చెప్పారు. నాకు మాత్రం వింటున్నంతసేపూ బందరు, గుడివాడ, దివిసీమ కళ్ల ముందు మెదిలాయి. ఈ మూడు చోట్లా చాలా కాలంగా చెల్లేది ఒక్కటే రూపాయి. మరి మూడూ ఒక్కలాగే ఉన్నాయా?

పట్టాభి గారు 1880 నవంబరు 24న గుండుగొలనులో పుట్టారు. ఆ ఊరు అప్పట్లో మన కృష్ణా జిల్లాలోదే, ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది. పేద కుటుంబం. బందరు నోబుల్ కాలేజీలో, తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి బి.ఏ. పూర్తిచేశారు. ఆపైన వైద్యం చదివి బందరు వచ్చి డాక్టరుగా స్థిరపడ్డారు. ప్రాక్టీసు బాగా సాగింది. సాగుతున్న ప్రాక్టీసును పదేళ్లు తిరిగేసరికి వదిలేసి ప్రజా జీవితంలోకి వచ్చేశారు. కోపల్లె హనుమంతరావు గారు, ముట్నూరి కృష్ణారావు గారు ఆయన సహచరులు. ఈ ముగ్గురూ కలిసి 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల నెలకొల్పారు. 1919 నుంచి జన్మభూమి అనే ఇంగ్లీషు వారపత్రిక నడిపారు. ఇవన్నీ మీకు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి కాబట్టి ఎక్కువ చెప్పను.

చెప్పాల్సింది డబ్బు సంగతి. ఆయన బందరులో ప్రాక్టీసు మొదలుపెట్టే రోజుల్లోనే, 1906లో, మద్రాసులో ఆర్బత్ నాట్ అనే పెద్ద ఇంగ్లీషు కంపెనీ దివాళా తీసింది. వేలమంది దాచుకున్న డబ్బు పోయింది. ఆ దెబ్బ నుంచే మరుసటి ఏడాది మద్రాసులో ఇండియన్ బ్యాంకు పుట్టింది. మన డబ్బు మన చేతిలో ఉండాలన్న ఆలోచన అక్కడి నుంచి జిల్లాలకు పాకింది. పట్టాభి గారు ముందు సహకార ఉద్యమంలోకి దిగారు. 1915లో కృష్ణా సహకార కేంద్ర బ్యాంకు ఏర్పడటం వెనక ఆయన చెయ్యి ఉంది. తర్వాత ఎనిమిదేళ్లకు ఆంధ్రా బ్యాంకు వచ్చింది. 1923 నవంబరు 20న రిజిస్టరయింది, 28న లావాదేవీలు మొదలుపెట్టింది. చెల్లించిన మూలధనం 1 లక్ష రూపాయలు, అధీకృత మూలధనం 10 లక్షలు. ఊరు బందరు.

బందరులో బ్యాంకు ఎందుకు కావలసివచ్చిందో అర్థం కావాలంటే డెల్టా సంగతి తెలియాలి. 1855కి బెజవాడ దగ్గర కృష్ణపై ఆనకట్ట పూర్తయ్యాక కాలవ నీరు వచ్చి వరి పండింది. గుడివాడ వైపు భూములకు విలువ పెరిగింది. కానీ వ్యవసాయంలో డబ్బు ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. నాట్లప్పుడు ప్రతి ఇంట్లోనూ కరువే. కుప్ప నూర్చిన తర్వాత ఒక్కసారిగా చేతినిండా ఉంటుంది. వర్తకులకు ధాన్యం కొనడానికి అప్పుడే రొక్కం కావాలి కనుక మద్రాసు, బొంబాయి వంటి పట్నాల నుంచి రొక్కం పల్లెలకు కదలాలి. మళ్లీ అమ్మకాలయ్యాక వెనక్కి పోవాలి. రూపాయి మీద రాజు బొమ్మ అన్నిచోట్లా ఒకటే అయినా ఆ రూపాయి అద్దె మాత్రం ఊరు ఊరుకీ మారేది. పట్నంలో పెద్ద వర్తకుడికి ఒక వడ్డీ, పల్లెలో చిన్న రైతుకి ఇంకో వడ్డీ. ఇప్పటికీ మన ఊళ్లలో నూటికి మూడు రూపాయలు అంటే నెలకు మూడని అర్థం కదా. ఏడాదికి 36 శాతం. అదే ఊళ్లో బంగారం కుదువపెట్టగలిగినవాడు బ్యాంకు నుంచి తెచ్చుకుంటే అందులో సగం కూడా ఉండదు. ఒకే నాణెం, ఒకే వీధి, రెండు వడ్డీలు.

పుస్తకం చెప్పేదేమిటంటే, నాణెం ఒకటే అయితే డబ్బు ఉన్నచోటు నుంచి లేనిచోటుకు దానంతటదే ప్రవహిస్తుంది. లేనిచోట వడ్డీ ఎక్కువ కనుక లాభం కోసం వస్తుంది. వచ్చాక వడ్డీ తగ్గుతుంది, పని పెరుగుతుంది, కూలి పెరుగుతుంది, రెండు ఊళ్లూ దగ్గరవుతాయి. వినడానికి బాగానే ఉంది. కానీ డబ్బు కాలవ నీరు లాంటిది, లాకు ఎత్తేవాడు లేకపోతే శివారు పొలానికి చేరదు. పట్టాభి గారి గొప్పతనం నా దృష్టిలో ఇక్కడ ఉంది. ఉపన్యాసాలిచ్చే నాయకులు ఆ రోజుల్లో చాలామంది ఉన్నారు. ఊళ్లో మిగిలిన డబ్బును ఒకచోట పోగుచేసి అవసరమైన చోటుకు పంపే యంత్రాన్ని తయారుచేసినవాళ్లు తక్కువ. ఆయన ఒక బ్యాంకుతో ఆగలేదు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ, 1929లో భారత లక్ష్మీ బ్యాంకు, 1935లో హిందుస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్స్ కంపెనీ. అన్నీ ఒక డాక్టరు చేసిన పనులు. భారత లక్ష్మీ బ్యాంకు తర్వాత 1964లో ఆంధ్రా బ్యాంకులోనే కలిసిపోయింది.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. ఆంధ్రా బ్యాంకు పుట్టిన 1923లోనే లండనులో మన బాబాసాహెబ్ అంబేద్కర్ గారు రూపాయి సమస్య మీద రాసిన గ్రంథం అచ్చయింది. రూపాయి విలువ ఎలా నిలబడాలి అన్నది ఆయన ప్రశ్న. నిలబడిన రూపాయి ఎవరి ఊరికి చేరాలి అన్నది పట్టాభి గారి ప్రశ్న. ఇద్దరి దారులు వేరు, రాజకీయాలు ఇంకా వేరు. అయినా రెండు ప్రశ్నలూ ఒకే ఏడాది పక్కపక్కన లేచాయని తెలిసినప్పుడు నాకు చాలా ఆశ్చర్యం వేసింది.

ఇక అసలు మాట. ఆ బ్యాంకు వల్ల మనవాళ్లకు ఏం ఒరిగింది? ఆయన మీద గౌరవంతోనే అడుగుతున్నాను. డెల్టాలో పాలేర్లకు, కూలీలకు అప్పట్లో రూపాయల్లో కాదు, గింజల్లో కూలి ఇచ్చేవారు. మా తాత పాలేరుతనం చేసిన రోజుల్లో జీతం అంటే ఏడాదికి ఇన్ని బస్తాలని మాటే. అంటే డెల్టాలో ఉన్నది ఒక నాణెం కాదు, రెండు. రైతుకి రూపాయి, పాలేరుకి వడ్లు. వడ్లను బ్యాంకులో దాచుకోలేం. వడ్లు చూపించి చెక్కు రాయించుకోలేం. అప్పు కావాలంటే హామీగా భూమో, బంగారమో, గోదాములో సరుకో ఉండాలి. ఏదీ లేనివాడు ఆసామి దగ్గరే చేబదులు తీసుకుని మరుసటి ఏటి పాలేరుతనానికి ఒప్పుకోవాలి. పట్టాభి గారు తవ్విన కాలవ భూమి ఉన్న గడప దాకా వచ్చింది, పేట దాకా రాలేదు. ఇది ఆయన ఒక్కరి లోపమని నేను అనను. ఆనాటి బ్యాంకులన్నీ అంతే. కానీ ఆయన్ని పొగిడే వ్యాసాల్లో ఈ మాట ఎక్కడా కనిపించదు కనుక రాయవలసివచ్చింది.

తర్వాత ఆయన జీవితం రాజకీయాల్లోకి పూర్తిగా వెళ్లిపోయింది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. 1935లో కాంగ్రెస్ చరిత్ర రాశారు. 1939లో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి గాంధీ గారి అభ్యర్థిగా నిలబడి 1377 ఓట్లు తెచ్చుకున్నారు. బోసు గారికి 1580 వచ్చాయి. 1942లో క్విట్ ఇండియాతో అహ్మద్ నగర్ కోటలో దాదాపు మూడేళ్లు నిర్బంధంలో ఉన్నారు. 1948లో కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. నెహ్రూ, పటేల్ గార్లతో కలిసి భాషా రాష్ట్రాల మీద కమిటీలో కూర్చున్నారు. 1949లో ఆ కమిటీ, మద్రాసు నగరం మీద పట్టు వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రం ఇవ్వవచ్చని చెప్పింది. దశాబ్దాలుగా ఆంధ్ర రాష్ట్రం కోరుతూ వచ్చిన మనిషికి ఆ షరతు మీద సంతకం పెట్టడం తేలికగా ఉండి ఉండదు. 1952 నుంచి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేశారు. 1959 డిసెంబరు 17న కన్నుమూశారు.

ఆయన పోయిన తర్వాత జరిగిన సంగతులే నా పాఠానికి దగ్గర. యూరప్‌లో 1999లో 11 దేశాలు యూరో అనే ఒకే నాణెం పెట్టుకున్నాయి. 2001లో గ్రీసు చేరింది. అంతకుముందు గ్రీసు రెండంకెల వడ్డీకి అప్పు తెచ్చుకునేది. యూరోలోకి వచ్చేసరికి దాదాపు జర్మనీకి ఇచ్చే వడ్డీకే దొరకసాగింది. పుస్తకం చెప్పినట్టే డబ్బు ప్రవహించింది, గ్రీసు ఆదాయం పెరిగింది, అందరూ అభిసరణ అన్నారు. 2008 సంక్షోభం తర్వాత వచ్చిన డబ్బు వచ్చినంత వేగంగా వెనక్కి పోయింది. 2013 నాటికి గ్రీసు ఉత్పత్తిలో దాదాపు నాలుగో వంతు కరిగిపోయింది. సొంత నాణెం లేదు కనుక విలువ తగ్గించుకుని ఎగుమతులు పెంచుకునే దారి లేదు. అదే యూరోలో ఎస్తోనియా వంటి చిన్న దేశాలు మాత్రం బాగానే పైకి వచ్చాయి. అంటే నాణెం ఒక్కటే ఎవరినీ పైకి లేపలేదు, ఎవరినీ ముంచలేదు. వచ్చిన డబ్బు దేని మీద పెట్టారు, కష్టం వచ్చినప్పుడు పక్కన ఎవరున్నారు అన్నది తేల్చింది.

ఆ పక్కన ఉండే సంగతిలో మన దేశం వేరు. ఇక్కడ ఒకే నాణెంతోపాటు ఒకే కేంద్ర బడ్జెట్ ఉంది. రాజ్యాంగం 280వ అధికరణం కింద ఆర్థిక సంఘం ఏర్పడి కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా ఎంతో, అందులో ఎవరికెంతో సిఫారసు చేస్తుంది. పేద రాష్ట్రానికి తలసరి ఎక్కువ వచ్చేలా లెక్క కడుతుంది. ఆ రాజ్యాంగ పరిషత్తులో పట్టాభి గారూ సభ్యులే, ముసాయిదా సంఘం అధ్యక్షులు అంబేద్కర్ గారు. 1977 నవంబరు 19న దివిసీమ మీదకు ఉప్పెన వచ్చి పదివేలమందికి పైగా పోయినప్పుడు అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు మళ్లీ నిలబడటానికి డబ్బు బయటి నుంచి రావలసివచ్చింది. లాభం చూసుకునే డబ్బు అలాంటి చోటుకు రాదు. ఉప్పు తేలిన పొలం మీద ఎవరు పెట్టుబడి పెడతారు? రావలసింది ప్రభుత్వ డబ్బు, దాతల డబ్బు. అదే వచ్చింది.

బ్యాంకుల సంగతీ అంతే. 1969లో 14 బ్యాంకులను, 1980 ఏప్రిల్ 15న ఆంధ్రా బ్యాంకుతో కలిపి మరో 6 బ్యాంకులను జాతీయం చేశారు. 1977 నుంచి 1990 వరకు ఒక నిబంధన ఉండేది. అప్పటికే బ్యాంకు ఉన్న ఊళ్లో కొత్త శాఖ ఒకటి తెరవాలంటే బ్యాంకు లేని ఊళ్లలో నాలుగు తెరవాలి. లాకు ఎత్తమని చట్టమే చెప్పిందన్నమాట. హామీ లేనివాళ్లకు చిన్న అప్పులు, ఆ తర్వాత డ్వాక్రా సంఘాలకు అప్పులు వచ్చాయి. మా అమ్మ పేరున మొదటి బ్యాంకు ఖాతా ఆమె సంఘంలో చేరాకే తెరిచారు. మా ఇంట్లో వడ్ల నాణెం పోయి రూపాయి నాణెం వచ్చింది అప్పుడేనని నేను లెక్కవేసుకుంటాను. పట్టాభి గారు బందరులో బోర్డు పెట్టిన తర్వాత మా గడప దాకా రావడానికి దానికి సుమారు ఎనభై ఏళ్లు పట్టింది.

మూడు ఊళ్లూ ఒక్కటయ్యాయా అంటే, కాలేదు. దివిసీమ నుంచి కుర్రవాళ్లు పనికోసం విజయవాడకు, హైదరాబాదుకు పోతూనే ఉన్నారు. మండెల్ అనే ఆర్థికవేత్త 1961లోనే చెప్పాడు, ఒకే నాణెం ఉన్నచోట డబ్బు కదలకపోతే మనుషులు కదలాలని. మనవాళ్లు ఆయన్ని చదవకుండానే ఆ పని చేస్తున్నారు. హాస్టల్లో చదివి ఉద్యోగానికి వెళ్లిన మన అన్నలు నెలనెలా ఇంటికి పంపే డబ్బు కూడా అభిసరణే. ఏ పుస్తకంలోనూ దాన్ని లెక్కలోకి తీసుకున్నట్టు నాకు కనిపించలేదు.

ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. నూరేళ్లకు మూడేళ్లు తక్కువ. బోర్డులు మారాయి, ఐ.ఎఫ్.ఎస్.సి. కోడ్లు మారాయి. పాత ఆంధ్రా బ్యాంకు పాస్ బుక్కుతో స్కాలర్‌షిప్ దరఖాస్తు పెట్టే తమ్ముళ్లు ఎవరైనా ఉంటే ఆ కోడ్ చెల్లదు. బ్యాంకుకు వెళ్లి కొత్తది రాయించుకుని, ఆధార్ లింకు అయిందో లేదో కూడా అడిగి తెలుసుకుని, ఆ తర్వాతే ఫారం ఇవ్వండి.