బంగారు పతకం తెచ్చిన బడిపంతులు రహీం సాబ్

ఖానాపూర్: స్టేడియం అనగానే ప్రహరీ గోడ, సిమెంటు మెట్లు, ఇనుప గేటు కళ్ల ముందు మెదులుతాయి. వాటికి అంచనాలు తయారవుతాయి, నిధులు మంజూరవుతాయి, శంకుస్థాపనలు జరుగుతాయి. ఆ గోడల మధ్య ఆడే పిల్లవాడికి ఆట ఎవరు నేర్పుతారు, వాడు ఇంటి నుంచి మైదానం దాకా ఎట్లా వస్తాడు, ఏడాదిలో ఎన్ని పోటీలు ఆడతాడు అన్న లెక్క మాత్రం ఆ కాగితాల్లో కనబడదు. ఈ లెక్కను 70 ఏళ్ల కిందటే సరిగ్గా వేసి చూపించిన మనిషి మన రాష్ట్రంలోనే ఉన్నాడు. ఆయన మంత్రి కాదు, జాగీర్దారు కాదు. హైదరాబాద్‌లో ఒక బడిపంతులు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. దేశమంతా రహీం సాబ్ అని పిలిచింది.

భారత ఫుట్‌బాల్ జట్టు ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది రెండే రెండుసార్లు. 1951లో ఒకసారి, 1962లో ఇంకోసారి. రెండుసార్లూ జట్టుకు శిక్షణ ఇచ్చింది రహీం సాబే. ఆయన తర్వాత ఆ పతకం మళ్లీ మన దేశానికి రాలేదు. 2024లో ఆయన జీవితం ఆధారంగా హిందీలో సినిమా కూడా వచ్చింది.

చదువు, ఉద్యోగం

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పుడది నిజాం రాజ్యం. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. చదివారు. చదువుకునే రోజుల్లోనే ఫుట్‌బాల్‌లో మంచి పేరు తెచ్చుకున్నారు. తర్వాత నగరంలోని ఖమర్ క్లబ్బు తరఫున ఆడారు. బతుకుతెరువుకు ఉపాధ్యాయ వృత్తి ఎంచుకున్నారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా పూర్తిచేసి, పిల్లల ఆటల బాధ్యత నెత్తిన వేసుకున్నారు.

1943లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. కన్నుమూసే దాకా, అంటే 20 ఏళ్లు, ఆ పదవిలోనే ఉన్నారు. సంఘం చేతిలో పెద్ద నిధులు లేవు. లేనివాటిని తలచుకుంటూ కూర్చోకుండా, చేతిలో ఉన్నవాటితోనే ఆయన పని మొదలుపెట్టారు. బడి మైదానాలు ఉన్నాయి. ఆడాలన్న ఉబలాటం ఉన్న పిల్లలు ఉన్నారు. బంతి ఉంది. అది చాలనుకున్నారు.

ఖర్చు లేని పోటీలు

రహీం సాబ్ పెట్టిన పోటీలు చిత్రంగా ఉండేవి. ఒక పోటీలో ఎవరూ బంతిని తన్నుకుంటూ ముందుకు పోకూడదు. అందిన బంతిని వెంటనే తోటివాడికి ఇచ్చేయాలి. ఇంకో పోటీలో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితోనే బంతిని తన్నాలి.

చూసేవాళ్లకు ఇది పిల్లల సరదాగా కనబడవచ్చు. దాని వెనుక పెద్ద ఆలోచన ఉంది. మనవాళ్లు ఒడ్డూ పొడుగులో ఐరోపా వాళ్లతో తూగలేరు. ఒంటి బలంతో ఢీకొంటే పడిపోతారు. బంతి తమ దగ్గర ఆగకుండా చకచకా చేతులు మారినట్టు కాళ్లు మారితే, ఎంత బలవంతుడైనా దాని వెంట పరుగెత్తి అలసిపోవాలి. రెండు కాళ్లూ సమంగా పనిచేసే ఆటగాడిని ఆపటం ఎదుటివాడికి కష్టం. ఈ విద్య నేర్పటానికి సిమెంటు మెట్లు అక్కరలేదు. రోజూ పొద్దున్నే మైదానానికి వచ్చే గురువు ఉంటే చాలు.

సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. పేదింటి కుర్రాడు. ఆటలో మెరుపు ఉందని రహీం సాబ్ గుర్తించారు. శిక్షణకు రమ్మంటే, సికింద్రాబాద్ నుంచి హైదరాబాద్‌కు రోజూ వచ్చి పోవటానికి తన దగ్గర డబ్బులు లేవని కుర్రాడు చెప్పాడు. సైకిలు అద్దెకు తీసుకోవటానికి రహీం సాబ్ డబ్బులు ఇచ్చారు. ఆ సైకిలు మీద వచ్చిన కుర్రాడే 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దేశానికి ఆడాడు. అర్జున అవార్డు అందుకున్నాడు. ఆ రోజు సైకిలు అద్దె దొరకకపోతే ఆ పేరు సికింద్రాబాద్ దాటి ఉండేది కాదేమో.

పోలీసు జట్టు ప్రభంజనం

హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు రహీం సాబ్ శిక్షకుడయ్యాక దేశం కళ్లు ఇటు తిరిగాయి. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా 5 ఏళ్లు గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించింది. తర్వాత 1954లో, 1961లో కూడా డ్యూరాండ్ కప్ హైదరాబాద్‌కు వచ్చింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు 1956లో, 1957లో వరుసగా గెలుచుకుంది. ఫుట్‌బాల్ అంటే కలకత్తాయే అన్న మాట చెల్లకుండా పోయింది.

ఈ విజయాల వెనుక డబ్బు లెక్క ఒకటి ఉంది. పోలీసు శాఖ ఆటగాళ్లకు ఉద్యోగాలు ఇచ్చింది. నెల జీతం వస్తే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఇంటి దిగులు లేనివాడు ఆట మీద మనసు పెడతాడు. ఆ రోజుల్లో హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు దొరికిన అసలైన నిధి అదే. అది గోడలకు పోలేదు, మనుషులకు పోయింది.

ఢిల్లీలో మొదటి బంగారం

1951 మార్చిలో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగాయి. అవి జరిగిన నేషనల్ స్టేడియం 1933లో భావనగర్ మహారాజా ఇచ్చిన విరాళంతో కట్టింది. అప్పుడు దాని పేరు ఇర్విన్ ఆంఫీథియేటర్. రాజులు విరాళమిస్తే స్టేడియం లేచే కాలమది. ఆ మైదానంలో ఫైనల్లో భారత్ 1-0 తేడాతో ఇరాన్‌ను ఓడించింది. గోల్ కొట్టినవాడు మేవాలాల్. రహీం సాబ్ పేరు దేశమంతా మార్మోగింది.

ఉత్త కాళ్ల ఓటమి

మరుసటి ఏడే చేదు అనుభవం ఎదురైంది. 1952లో ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో ఒలింపిక్స్. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఉత్త కాళ్లతోనే ఆడారు. అలవాటు లేని చలి. ఎదురుగా యుగోస్లావియా. 10-1 తేడాతో ఓడిపోయారు. ఆ తర్వాతనే మన ఫుట్‌బాల్ సమాఖ్య ఆటగాళ్లు బూట్లు వేసుకోవటం తప్పనిసరి చేసింది.

పేదరికంలోనే మంచి ఆటగాళ్లు పుడతారు, సౌకర్యాలు ఎందుకు అని వాదించేవాళ్లు ఈ ఓటమిని గుర్తుంచుకోవాలి. మట్టి మైదానంలో ఉత్త కాళ్లతో ఆడి నేర్చుకున్న ఆట, తడి గడ్డి మీద బూట్లు వేసుకున్నవాళ్ల ముందు నిలవలేదు. రహీం సాబ్ ఆ పాఠాన్ని మనసులో పెట్టుకున్నారు. నాలుగేళ్లలో జట్టును కొత్తగా తీర్చిదిద్దారు.

1956లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఒలింపిక్స్. సొంత గడ్డ మీద ఆడుతున్న ఆస్ట్రేలియాను భారత్ 4-2 తేడాతో ఓడించింది. నెవిల్ డిసౌజా ఒక్కడే 3 గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశంగా భారత్ పేరు నిలిచింది. సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలో 4-1తో, కంచు పతకం కోసం జరిగిన పోటీలో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి, 4వ స్థానంలో ఆగింది. ఆ జట్టులో హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లు అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, లతీఫ్, బలరాం వంటివారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అంత దూరం మన దేశం మళ్లీ పోలేదు.

జకార్తాలో లక్ష మంది ఎదుట

1962 ఆసియా క్రీడలకు ఇండోనేషియా రాజధాని జకార్తా వేదిక. ఆ క్రీడల కోసమే అక్కడ సెనయాన్‌లో బ్రహ్మాండమైన స్టేడియం కట్టారు. 1960లో పని మొదలై 1962లో పూర్తయింది. లక్షా పదివేల మంది కూర్చునే ఏర్పాటు. సోవియట్ రష్యా ఇచ్చిన అప్పుతో కట్టారు. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశం ప్రపంచానికి తన సత్తా చూపించుకోవటానికి అంత అప్పు చేసింది.

బడి మైదానాల్లో ఆట నేర్పిన పంతులు తన జట్టుతో ఆ స్టేడియంలో అడుగుపెట్టారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో దాటారు. వెనుక కాపలా కాసే జర్నైల్ సింగ్‌కు తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతన్ని వెనుక నుంచి తీసి ముందు వరుసలో ఆడించారు. చాలామందికి అది సాహసంగా తోచింది.

సెప్టెంబరు 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియాయే. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వని వ్యవహారంలో భారత అధికారి ఒకరు అభ్యంతరం చెప్పటంతో, అక్కడి జనం మన మీద కోపంగా ఉన్నారు. లక్ష గొంతులు మనకు వ్యతిరేకంగా అరుస్తున్నాయి. అయినా భారత్ 2-1తో గెలిచింది. ఒక గోల్ పి.కె. బెనర్జీది. రెండోది తలకు గాయమైన జర్నైల్ సింగ్‌ది.

పతకంతో తిరిగి వచ్చిన రహీం సాబ్ ఎక్కువ కాలం బతకలేదు. క్యాన్సర్ వ్యాధితో మంచం పట్టారు. 1963 జూన్ 11న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యుడు. తర్వాత అంతర్జాతీయ రెఫరీగా పేరు పొందారు.

ఆయన పోయాక లేచిన స్టేడియాలు

రహీం సాబ్ కాలంలో హైదరాబాద్‌లో పెద్ద ఆటలకు ఫతే మైదాన్ ఒక్కటే దిక్కు. 1687లో గోల్కొండను ముట్టడించిన మొగలు సేన విడిది చేసిన చోటు అది. 1955 నవంబరులో న్యూజిలాండ్‌తో క్రికెట్ టెస్టు అక్కడ జరిగింది. 1967లో దానికి లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. తర్వాత నగరం నాలుగు దిక్కులా పెరిగింది. 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో-ఆసియా క్రీడల కోసం గచ్చిబౌలిలో బాలయోగి స్టేడియం లేచింది. ఉప్పల్‌లో కట్టిన క్రికెట్ స్టేడియంలో 2005 నవంబరు 16న మొదటి వన్డే జరిగింది.

మెట్లు పెరిగాయి, దీపాలు వెలిగాయి. ఫుట్‌బాల్ మాత్రం వెనక్కి పోయింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో హైదరాబాద్‌కు చెందిన నయీముద్దీన్ సారథ్యంలో భారత్ కంచు పతకం గెలిచింది. పురుషుల ఫుట్‌బాల్‌లో ఆసియా క్రీడల పతకం ఆ తర్వాత రాలేదు. ఇళ్ల స్థలాల ధరలు పెరిగిన నగరంలో బడులకు మైదానాలు కరువయ్యాయి. లాల్ బహదూర్ స్టేడియం ఆటలకే కాక పెద్ద సభలకూ వేదికైంది. 1983 జనవరి 9న ఎన్.టి. రామారావు, 2023 డిసెంబరు 7న రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రులుగా ప్రమాణం చేసింది అక్కడే.

స్టేడియం దండుగ అని దీని అర్థం కాదు. హెల్సింకీలో బూట్లు లేక పడిన దెబ్బ మరచిపోరానిది. మంచి నేల, బూట్లు, నీళ్లు, బట్టలు మార్చుకునే గది, దెబ్బ తగిలితే చూసే డాక్టరు కావాల్సిందే. అయితే కట్టడానికి ఒకసారి ఇచ్చే డబ్బు వేరు, ఏటా నడపటానికి కావలసిన డబ్బు వేరు. మొదటిది ఇచ్చి రెండోది మరచిపోతే గేటుకు తాళం పడుతుంది, లోపల గడ్డి మొలుస్తుంది.

మన ఊళ్ల మాట

2022లో రాష్ట్ర ప్రభుత్వం ఊరూరా క్రీడా ప్రాంగణాలు తలపెట్టింది. స్థలం కేటాయించి, బోర్డులు నాటి, కబడ్డీ, వాలీబాల్, ఖోఖోలకు చోటు చూపింది. అది మంచి పనే. ఇక్కడి నుంచి రాజధాని 200 కిలోమీటర్లకు పైమాటే. ఖానాపూర్, కడెం, పెంబి, ఉట్నూరు వైపు గూడేల పిల్లలకు గచ్చిబౌలి దీపాల కన్నా ఊరి చివరి ఆటస్థలమే ముఖ్యం.

ఆ ఆటస్థలానికి రహీం సాబ్ లెక్క పనికొస్తుంది. సాయంత్రం పూట వచ్చి నేర్పే వ్యాయామ ఉపాధ్యాయుడు ఒకరు. ఏటా తప్పకుండా జరిగే పోటీలు. నాలుగు బంతులు, వల. దూరపు గూడెం నుంచి వచ్చే పిల్లవాడికి బస్సు చార్జీ. గ్రామసభలో పద్దు రాసేటప్పుడు గోడ ఖర్చు పక్కన ఈ నాలుగు పద్దులూ రాయాలి. పంచాయతీ పాలకులు, ఉపాధ్యాయులు, యువజన సంఘాలవారు కలిసి కూర్చుంటే ఇది మోయలేని భారమేమీ కాదు.