సుశ్రుతాచార్యుడు

విశాఖపట్టణమునుండి అరకులోయకు పోవు దారిలో, అనంతగిరి కొండల మొదట శృంగవరపుకోట యను పట్టణము కలదు. కొండమీది పల్లెలనుండి దిగివచ్చు గిరిజన స్త్రీలలో పలువురి ముక్కులకు ఇరువైపులను, నడుమను పోగులు మెరయుచుండును. మైదానపు స్త్రీలకు కమ్మలును ముక్కుపుడకలును అలవాటు. ఈ ప్రాంతమున పసిబిడ్డకు చెవులు కుట్టించుట యొక వేడుక. బిడ్డను మేనమామ ఒడిలో కూర్చుండబెట్టుదురు. తల్లి బొమ్మనో బెల్లపుముక్కనో చూపి మరపించును. కంసాలి చెవితమ్మెను వ్రేళ్లతో సాగదీసి, చుక్క పెట్టిన చోట సన్నని బంగారుతీగను గ్రుచ్చి మెలివేయును. బిడ్డ కెవ్వున ఏడ్చును, చుట్టునున్నవారు నవ్వుదురు. ఆ నవ్వులు నిలుచునో నిలువవో తరువాతి పదిదినములలో తేలును. గాయము చక్కగా మానినచో బిడ్డ దానిని మరచిపోవును. చీము పట్టినచో ఇంటిల్లిపాదికిని నిద్ర యుండదు.

ఇంత చిన్న రంధ్రమును గూర్చి, అది ఏల చెడునో, చెడినపుడు ఏ గుర్తులు కనబడునో, ఏమి చేయవలెనో తెలుపుచు ఒక అధ్యాయమునే చెప్పిన వైద్యుడు ప్రాచీనకాలమున మన దేశమున నుండెను. ఆయనయే సుశ్రుతాచార్యుడు.

సుశ్రుతుడు విశ్వామిత్రుని కుమారుడని ఆయన పేర నున్న సంహితయే చెప్పుచున్నది. ఆయన కాలమును గూర్చి పండితులలో ఏకాభిప్రాయము లేదు. క్రీస్తునకు కొన్ని శతాబ్దములు పూర్వుడని పలువురు తలంతురు. ఆ దినములలో కాశీరాజైన దివోదాసుడు వానప్రస్థాశ్రమమున నుండి వైద్యవిద్య బోధించుచుండెను. ఆయనను ధన్వంతరి యనియు పిలిచెడివారు. సుశ్రుతుడు, ఔపధేనవుడు, వైతరణుడు, ఔరభ్రుడు, పౌష్కలావతుడు మున్నగు యువకులు కలసి ఆయన యొద్దకు పోయిరి. రోగములచే బాధపడు జనులను చూచి తాము సహింపలేకున్నామనియు, వారికి సాయపడు విద్య తమకు నేర్పవలయుననియు వేడుకొనిరి. ఆయుర్వేదమున ఎనిమిది అంగములు గలవు. వానిలో ఏది కావలెనని గురువు అడిగెను. వారు శల్యతంత్రమును కోరిరి. శల్యమనగా ములికి, ముల్లు మొదలుగా శరీరమున దిగబడి బాధించు వస్తువు. దానిని తీసివేయు విద్యయే శల్యతంత్రము. నేడు మనము శస్త్రచికిత్స యనుచున్నాము.

అందరు నొక్కసారి అడిగినచో పాఠము సాగదు. కావున తమ అందరి పక్షమున ప్రశ్నించుటకు శిష్యులు సుశ్రుతుని ఎన్నుకొనిరి. సుశ్రుతుడనగా బాగుగా విన్నవాడు. ఆయన అడుగుచుండెను, గురువు చెప్పుచుండెను. ఆ విధముగా వెలసినదే సుశ్రుతసంహిత. అందు నూటయిరువది అధ్యాయములును, వానిపై అరువదియారు అధ్యాయముల ఉత్తరతంత్రమును గలవు.

ఆ గురుకులమున పుస్తకము వల్లించిన మాత్రమున వైద్యుడు కాజాలడు. శిష్యుడు మొదట గుమ్మడి, ఆనప, దోస మొదలగు కాయలమీద కోయుట నేర్చుకొనవలెను. వెండ్రుకలు గల తోలుమీద గీరుట, పురుగు తొలిచిన కర్రలో శలాక దూర్చి వెదకుట, సన్నని బట్టమీదను ముతక బట్టమీదను కుట్లు వేయుట నేర్వవలెను. రంధ్రము చేయుటకు చచ్చిన జంతువుల సిరలును, కలువకాడలును సాధనములు. తెగిన చెవిని అతుకుట మెత్తని తోలుమీద, మాంసపు ముక్కలమీద, కలువకాడలమీద అభ్యసించెడివారు. బొమ్మ కట్టి దానికి కట్లు కట్టుట నేర్చెడివారు. శవమును గడ్డితో చుట్టి పారునీటిలో ఏడుదినములు నానవైచి, కుంచెతో మెల్లగా పొరలు తీయుచు లోపలి భాగములను కన్నులార చూచెడివారు. చేయి తిరిగిన తరువాతనే శిష్యునకు మనుష్యుని దేహమును తాకు అర్హత కలుగును. వృత్తికి బయలుదేరువాడు రాజుననుజ్ఞ పొంది, గోళ్లును వెండ్రుకలును కురుచగా కత్తిరించుకొని, శుచియై, తెల్లని వస్త్రము ధరింపవలెను. గోళ్ల మాట చిన్నదిగా కనబడును గాని, గాయమును తాకు చేతికి అంతకంటె పెద్ద మాట లేదు.

చెవులు కుట్టు విధానము సంహితలోని సూత్రస్థానమున పదునారవ అధ్యాయమున నున్నది. రక్షణకొరకును, అలంకారముకొరకును బిడ్డకు ఆరవ నెలలోగాని ఏడవ నెలలోగాని చెవులు కుట్టవలెను. దాది ఒడిలో బిడ్డను కూర్చుండబెట్టి, ఆటవస్తువులతో మరపింపవలెను. వైద్యుడు ఎడమచేత చెవిని సాగదీసి, సూర్యకాంతి తమ్మెగుండ ప్రసరించునట్లు చూడవలెను. ఆ వెలుగులో సహజముగా పలుచనై కనబడు చోటనే, కుడిచేత, తిన్నగా, మెల్లగా గ్రుచ్చవలెను. తమ్మె పలుచనిదైనచో సూదితోను, మందమైనచో ఆరెతోను కుట్టవలెను. మగబిడ్డకు కుడిచెవి, ఆడుబిడ్డకు ఎడమచెవి మొదట. పిమ్మట రంధ్రములో దూదివత్తి యుంచి నూనెతో తడుపవలెను.

ఎండవెలుగులో తమ్మెను పరీక్షించుటకు కారణము కలదు. చెవిలో కాళిక, మర్మరిక, లోహితిక అను మూడు సిరలున్నవనియు, తెలియనివాడు తోచినచోట గ్రుచ్చి వానిని గాయపరచిన ఉపద్రవములు కలుగుననియు సుశ్రుతుడు చెప్పెను. ఒకదానివలన జ్వరము, మంట, వాపు, నొప్పి. వేరొకదానివలన జ్వరముతో కూడ గడ్డలు. మూడవదానివలన మెడ బిగిసికొనిపోవుట, శరీరము విల్లువలె వంగు ఈడ్పులు, తలనొప్పి, చెవిపోటు. ఈ కడపటి వర్ణన చదివిన నేటి వైద్యునకు వెంటనే ధనుర్వాతము జ్ఞప్తికి వచ్చును. ధనుర్వాతమునకు మూలము సిర తెగుట కాదనియు, మట్టిలోను పేడలోను నుండు ఒక సూక్ష్మజీవి గాయమున ప్రవేశించుట యనియు పందొమ్మిదవ శతాబ్దము చివరగాని తెలియలేదు. కారణమును చెప్పుటలో సుశ్రుతుడు పొరపడెను. కాని చెవి కుట్టిన పిదప మెడ బిగియుటకును ఆ చిన్న గాయమునకును సంబంధమున్నదని ఆయన గ్రహించెను. ఎందరు బిడ్డల పడకలచెంత కూర్చుండి ఆయన ఈ సంగతి నెరిగెనో!

గాయము చెడుటకు ఆయన చెప్పిన ఇతర కారణములు నేటికిని సరియైనవే. మొద్దుబారిన సూది, వంకరగా గ్రుచ్చుట, రంధ్రమునకు మించిన లావు వత్తి, చెడ్డ సూది. వీనివలన వాపును నొప్పియు కలిగినచో వత్తిని తీసివేసి, యష్టిమధుకము, ఆముదపువేరు, మంజిష్ఠ, యవలు, నువ్వులు నూరి తేనె నేతులతో లేపము వేసి, గాయము పూర్తిగా మానిన తరువాతనే మరల కుట్టవలెనని విధించెను. చెడుచున్న గాయమునందే నగను బలవంతముగ నిలుపవలెనని ఆయన చెప్పలేదు. ఆ లేపములను నేడు మనము ఇంట నూరి పూయుమని దీని అర్థము కాదు. నేటి వైద్యులు చీము పట్టిన చెవినుండి పోగును తమంతట తీయవద్దందురు. రంధ్రము పైన మూసికొని చీము లోపల నిలిచిపోవచ్చును. తీయవలెనో నిలుపవలెనో వైద్యుడు చూచి చెప్పవలసినదే.

సూత్రస్థానమున ఆ తరువాతి అధ్యాయమున ఆయన వాపును మూడు దశలుగా విభజించెను. మొదటి దశలో వాపు కొంచెము, వేడిమి కొంచెము, నొప్పి కొంచెము. చర్మపు రంగు మారదు. తాకిన గట్టిగా నుండును. రెండవ దశలో సూదులు గ్రుచ్చినట్లును, చీమలు కుట్టినట్లును బాధ; కూర్చున్నను పరుండినను శాంతి లేదు; చర్మము రంగు మారును; జ్వరము, దప్పిక, అరుచి కలుగును. మూడవ దశలో నొప్పి తగ్గి, వాపు పాలిపోయి, వ్రేలితో నొక్కిన గుంటపడును. లోపల చీము కదలుట తెలియును. నొప్పి తగ్గినదని రోగి సంతసించు ఈ సమయముననే వైద్యుడు మేలుకొని యుండవలెను. పండని వాపును కోయుట తప్పు. పండినదానిని ఉపేక్షించుటయు తప్పే.

నేటి వైద్యులు చూచు గుర్తులు వీనికి దూరమైనవి కావు. కొత్తగా కుట్టిన చెవి మొదటి కొలదిదినములు కొంచెము ఎర్రబారి నొచ్చుట సహజము. దినదినమునకు తగ్గవలసిన ఎరుపు, వేడిమి, వాపు పెరుగుచున్నను, పసుపుపచ్చని చీము కారుచున్నను, జ్వరము వచ్చినను జాగు చేయరాదు. తమ్మె సుమారు ఆరువారములలో మానును. చెవి పైభాగమున నుండు మృదులాస్థికి రక్తప్రసారము తక్కువ. అచ్చట కుట్టిన రంధ్రము మానుటకు నెలలు పట్టును, చెడినచో చెవి ఆకారమే పోవచ్చును. సూది శుద్ధిచేసినదై, ఒకరికి వాడినది మరియొకరికి వాడనిదై యుండవలెను. చేతులు సబ్బుతో కడుగుకొనక ఆ చోటు తాకరాదు. శుభ్రమైన ఉప్పునీటితో దినమునకు రెండుమార్లు తుడువవలెను. బూడిదయు పేడయు దగ్గరకు రానీయరాదు. ధనుర్వాతమునకు టీకా యున్నది. సుశ్రుతుని కాలమున అది లేదు.

గాయపడినవాడు పరుండు గదిని గూర్చియు ఆయన చెప్పెను. అది శుభ్రమై, ఎండ గాలి పెద్దగా సోకనిదై యుండవలెను. ఆవాలు, వేపాకు, నెయ్యి, ఉప్పు కలిపి దినమునకు రెండుమార్లు పదిదినములు ధూపము వేయవలెను. గాయపు నెత్తురునకు ఆశపడి కంటికి కనబడని నిశాచరులు వచ్చుననియు, ఈ ధూపమున అవి తొలగుననియు ఆయన నమ్మెను. దీనిని పట్టుకొని సుశ్రుతునకు సూక్ష్మజీవులు తెలిసియుండెనని కొందరు వాదింతురు. అది అతిశయోక్తి. సూక్ష్మదర్శిని లేనిది వానిని ఎవరును చూడజాలరు. గాయము కుళ్లుటకు సూక్ష్మజీవులు కారణమని తలచి, 1865లో గ్లాస్గో నగరమున కార్బాలిక్ ఆమ్లముతో గాయమును కడిగి చూపిన కీర్తి జోసెఫ్ లిస్టరునకే చెందును. సుశ్రుతుని గొప్పతనమునకు లేని ఘనత నంటగట్ట పనిలేదు.

బరువైన నగలవలనను దెబ్బలవలనను తమ్మెలు తెగుట నాడును కలదు. వానిని అతుకుటకు ఆయన పదునైదు విధములు చెప్పెను. తమ్మె బొత్తిగా లేనివానికి చెక్కిలినుండి మాంసమును, మూలము తెగనీయక, మరల్చి తమ్మె చేయవచ్చుననెను. తెగిన ముక్కునకును ఇదియే మార్గము: ఆకుతో కొలత తీసి, అంత చర్మమును చెక్కిలినుండి మరల్చి అతికి, ఊపిరి యాడుటకు రెండు గొట్టములుంచవలెను. ఈ జాతి విద్య పరంపరగా నిలిచెను. టిప్పుసుల్తాను సైనికులు ముక్కు కోసిన కావస్జీ యను బండివానికి పూనా ప్రాంతమున నుదుటి చర్మముతో ముక్కు చేసిన వృత్తాంతము 1794లో లండను పత్రికలో అచ్చయ్యెను. అది చదివిన జోసెఫ్ కార్ప్యూ 1814లో అచ్చట అట్టి చికిత్స చేసెను.

సుశ్రుతసంహితను నాగార్జునుడు సంస్కరించెనని వ్యాఖ్యాత డల్హణుడు చెప్పెను. ఆ పేరు గలవారు పలువురుండిరి గావున ఆయన మన కృష్ణాతీరపు నాగార్జునుడే యని గట్టిగా చెప్పుటకు వీలులేదు. ఎనిమిదవ శతాబ్దమున బాగ్దాదులో ఈ గ్రంథము అరబ్బీలోనికి పరివర్తనము చెందెను. క్రీ.శ. 878లో వ్రాసిన తాటియాకుల ప్రతి యొకటి నేపాళమున నున్నది. 1835లో మధుసూదన గుప్తుడు కలకత్తాలో దీనిని అచ్చువేయించెను.

చెవి కుట్టిన పిదప చేయవలసిన పని యొకటి ఆ గ్రంథమున నున్నది. మూడుదినముల కొకమారు మునుపటికంటె లావైన వత్తిని మార్చుచు, నూనెతో తడుపుచుండవలెను. వాపును నొప్పియు లేవని నిశ్చయించుకొనిన మీదట, రంధ్రమును పెంచుటకు తేలికయైన పుల్ల వంటి సాధనము నుంచవలెను. శృంగవరపుకోట చుట్టుప్రక్కల పల్లెలలో కమ్మలు కొనుటకు ఇంకను డబ్బు కూడని యింటి పిల్ల, రంధ్రము పూడిపోకుండ, చెవిలో సన్నని వేపపుల్ల పెట్టుకొని బడికి వచ్చుట మొన్నమొన్నటివరకు కనబడుచుండెను.