ఒక్క బంతీ విసరనివ్వకుండానే పంపేశారు

1955లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ శిక్షణ శిబిరం నుంచి ఓ 22 ఏళ్ల కుర్రాడిని ఇంటికి పంపేశారు. ఆట బాగాలేదని కాదు. ప్రాక్టీస్ మ్యాచ్‌ల్లో అతనికి ఒక్క అవకాశమూ ఇవ్వలేదు. క్వార్టర్‌బ్యాక్‌లు అప్పటికే ముగ్గురున్నారు, నాలుగోవాడు అక్కర్లేదనుకున్నారు, అంతే. అతని పేరు జానీ యునైటస్.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ అంటే జట్టుకు మెదడు లాంటివాడు. బంతి ముందు అతని చేతికే వస్తుంది. ఎవరికి విసరాలో, ఎవరికి అందించాలో రెండు మూడు సెకన్లలో తేల్చేయాలి. ఎదుటివాళ్లు మీద పడేలోపే.

యునైటస్ 1933లో పిట్స్‌బర్గ్‌లో పుట్టాడు. బొగ్గు సరఫరా చేసే తండ్రి, అతనికి అయిదేళ్లప్పుడే పోయాడు. తల్లి ఆ బొగ్గు వ్యాపారాన్ని నడుపుతూనే రాత్రిపూట ఆఫీసులు శుభ్రం చేసి, నలుగురు పిల్లల్ని పెంచింది. హైస్కూల్ అయ్యాక నోటర్ డామ్ యూనివర్సిటీకి వెళ్తే, మరీ బక్కగా ఉన్నాడని వద్దన్నారు. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో సీటు దాకా వచ్చి ఎంట్రన్స్‌లో ఫెయిలయ్యాడు. చివరికి అప్పట్లో ఫుట్‌బాల్‌లో పెద్దగా పేరులేని లూయివిల్ యూనివర్సిటీ తీసుకుంది.

ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే పద్ధతిని డ్రాఫ్ట్ అంటారు. అందులో అతని పేరు తొమ్మిదో రౌండ్‌లో వచ్చింది. ఆ తర్వాత జరిగింది పైన చెప్పిందే.

అప్పటికే పెళ్లయింది, ఇంట్లో పసిబిడ్డ. పొట్ట గడవాలిగా! భవన నిర్మాణంలో కూలి పనికి కుదిరాడు. వారాంతాల్లో మాత్రం బ్లూమ్‌ఫీల్డ్ రామ్స్ అనే స్థానిక జట్టుకు ఆడేవాడు. మ్యాచ్‌కు ఆరు డాలర్లు. గడ్డి కూడా సరిగా లేని మైదానాలు. చేతికి అలవాటు తప్పకూడదని అక్కడికీ వెళ్లాడు. మరుసటి ఏడాది బాల్టిమోర్ కోల్ట్స్ నుంచి ఫోన్ వచ్చింది. ట్రయల్‌కు రమ్మన్నారు. జట్టులో నిలబడితే ఏడాదికి ఏడు వేల డాలర్లు.

నిలబడ్డాడు, రిజర్వ్‌గా. ఆ సీజన్‌లో అసలు క్వార్టర్‌బ్యాక్ జార్జ్ షా గాయపడితే, షికాగో బేర్స్ మీద మైదానంలోకి దిగాడు. మొదటి పాస్ నేరుగా ప్రత్యర్థి చేతిలో పడింది. వాడు పరిగెత్తి పాయింట్లు కొట్టేశాడు. కోల్ట్స్ 58-27తో చిత్తు. ఇంతకంటే ఘోరమైన రోజు ఎవరికైనా ఉంటుందా? కానీ షా గాయం వల్ల వేరే దారి లేదు, తర్వాతి మ్యాచ్‌లోనూ అతన్నే దింపారు. కోల్ట్స్ గెలిచింది. అదృష్టం అనుకున్నా తప్పులేదు. దాన్ని వదలకుండా పట్టుకున్నది మాత్రం అతనే.

ప్రాక్టీస్ అయిపోయాక అందరూ వెళ్లిపోతే, అతనూ బంతి అందుకునే రేమండ్ బెర్రీ మిగిలేవాళ్లు. బెర్రీ కూడా డ్రాఫ్ట్‌లో ఇరవయ్యో రౌండ్‌లో వచ్చినవాడే. ఒకే పాస్‌ను మళ్లీ మళ్లీ వేసుకునేవాళ్లు. దాని ఫలితం 1958 డిసెంబర్ 28న న్యూయార్క్ యాంకీ స్టేడియంలో కనిపించింది. ఫైనల్లో జెయింట్స్ 17-14 ఆధిక్యంలో ఉంది, రెండు నిమిషాలే మిగిలాయి. యునైటస్ వరుసగా మూడు పాస్‌లు బెర్రీకే వేశాడు. 62 గజాలు ముందుకు! ఏడు సెకన్లు ఉండగా స్కోరు సమమైంది. అదనపు సమయంలో కోల్ట్స్ 23-17తో గెలిచింది. టీవీలో కోట్లమంది చూసిన ఆ మ్యాచ్‌తోనే ఫుట్‌బాల్ అమెరికా ఇళ్లలోకి వెళ్లిందంటారు.

వరుసగా 47 మ్యాచ్‌ల్లో టచ్‌డౌన్ పాస్ వేసిన అతని రికార్డు 2012 దాకా చెక్కుచెదరలేదు. మొత్తం 40 వేల గజాలు దాటిన తొలి క్వార్టర్‌బ్యాక్ అతనే.

ఇదంతా ఊరికే రాలేదు. 1968లో కుడి మోచేతికి తగిలిన దెబ్బ రిటైరయ్యాక తిరగబెట్టింది. చివరి ఏళ్లలో ఆ చేత్తో పెన్ను పట్టుకోవడమే కష్టమైంది. గోల్ఫ్ ఆడాలంటే చేతిని కర్రకు పట్టీతో కట్టుకునేవాడు. వైకల్య పింఛను అడిగితే ఫుట్‌బాల్ లీగ్ ఇవ్వలేదు. 2002 సెప్టెంబర్ 11న, 69 ఏళ్ల వయసులో, బాల్టిమోర్ దగ్గర ఫిజియోథెరపీ కేంద్రంలో వ్యాయామం చేస్తూనే గుండెపోటుతో కన్నుమూశాడు.