విశాఖపట్టణపు జ్యోతిర్వేత్త: అంకితము వెంకట నరసింగరావుగారు

మండపేట చేలగట్టున నిలిచి సంధ్యవేళ పడమటి దిక్కు చూచు కర్షకునకు శుక్రుని పరిచయము చేయ నక్కరలేదు. కూతురి వివాహము తలపెట్టిన గృహస్థునకు శుక్రమౌఢ్య మన నేమో తెలియును. మౌఢ్యము ప్రవేశించినదని పురోహితుడు చెప్పినంతనే ముహూర్తము వెనుకకు పోవును. కాని ఆ శుక్రుడు కొన్ని మాసములు సాయంకాలమునను, కొన్ని మాసములు వేకువజామునను కనబడి నడుమ ఏల మాయమగునో, బుధుడు మన యాకాశమున అర్ధరాత్రమందు ఏల కానరాడో విచారించువా రరుదు. ఈ ప్రశ్నలకు ఉత్తరమును పంచాంగపు పుటలందే గాక ఆకాశమునందును వెదకవలెనని తలచి, స్వంత ద్రవ్యము వెచ్చించి, స్వగృహముననే వేధశాలను నడపిన ఆంధ్రు డొకరు పందొమ్మిదవ శతాబ్దమున మన తీరమున నుండిరి. వారే విశాఖపట్టణ వాస్తవ్యులగు శ్రీ అంకితము వెంకట నరసింగరావుగారు. లండను విద్వాంసు లెరిగిన ఈ పేరు తెలుగు పాఠశాలలలో వినబడకుండుట మాకు మిక్కిలి విచారకరముగా నున్నది.

నరసింగరావుగారి చరిత్రము వారి మామగారగు గోడే వెంకట జగ్గారావుగారితో నారంభింపవలెను. 1817లో జన్మించిన జగ్గారావుగారు సంపన్నులగు జమీందారులు. భోగములకు లోటులేని యింట పుట్టియు వారు చెన్నపట్టణమునకు పోయి, అచ్చటి ప్రభుత్వ వేధశాలాధిపతియగు టేలరు దొరయొద్ద జ్యోతిశ్శాస్త్రము నభ్యసించిరి. పిమ్మట 1840లో విశాఖపట్టణమున దాబా గార్డెన్సు నందలి తమ నివాసస్థలముననే దూరదర్శినిని ప్రతిష్ఠించి వేధశాలను నెలకొల్పిరి. దేవాలయములకు, సత్రములకు, చెరువులకు ధనమిచ్చిన జమీందారులు మన దేశమున ననేకులు గలరు. నక్షత్రములను లెక్కించుటకై యిచ్చినవా రెందరు? జగ్గారావుగారు 1856లో స్వర్గస్థులు కాగా ఆ భారము అల్లునిపై బడెను.

1827లో జన్మించిన నరసింగరావుగారు అప్పటికి కంపెనీవారి కొలువున డిప్యూటీ కలెక్టరు పదవియందుండిరి. ఆ దినములలో దేశీయునకు అంతకన్న గౌరవమైన యుద్యోగము సులభముగా లభించునది కాదు. అయినను వారు దానిని వదలుకొని ఎస్టేటు వ్యవహారములను, వేధశాలను తమ చేతికి తీసికొనిరి. పగలు రైతుల విన్నపములును లెక్కలును, రాత్రి దూరదర్శినియు గడియారమును, ఇట్లు వారి జీవితము ముప్పదియేండ్లకు మించి సాగినది. గ్రహణములను, తోకచుక్కలను, గ్రహముల నడకను పరిశీలించి తమ లెక్కలను లండనులోని రాజకీయ జ్యోతిశ్శాస్త్ర సంఘమువారి పత్రికకు పంపిరి. ఆ సంఘమువారు వీరిని సభ్యునిగా స్వీకరించిరి. గాలివానల కొలతలను సైతము వారు క్రమముగా వ్రాసి యుంచుచుండిరి.

వీరి పరిశీలనలలో మాకు ముఖ్యముగా తోచునవి బుధశుక్రుల కెక్కుడు సంబంధించినవి. ఈ రెండు గ్రహముల గతిని మొదట కొంచెము తెలిసికొందము. గానుగ చుట్టు తిరుగు ఎద్దును దూరమున నిలిచి చూచువానికి అది యొకప్పుడు రోటికి కుడిప్రక్కను, ఒకప్పుడు ఎడమప్రక్కను కనబడును. ఒకప్పుడు రోటి వెనుకకు పోవును, ఒకప్పుడు రోటికి ముందు వచ్చును. ఎంత తిరిగినను రోటిని విడిచి దూరము పోదు. బుధశుక్రులును అట్టివారే. వారి కక్ష్యలు భూమి కక్ష్యకు లోపల నున్నవి. ఆకాశచక్రమును 360 భాగలుగా చేసినచో, భూమినుండి చూచువారికి బుధుడు సూర్యునకు సుమారు 28 భాగలను, శుక్రుడు 47 భాగలను మించి యెడము కాడు. బుధుడు 88 దినములలోను, శుక్రుడు 225 దినములలోను సూర్యునొక పర్యాయము చుట్టివత్తురు. సూర్యునికి వెనుక నున్నప్పుడు కలుగు మౌఢ్యము దీర్ఘమైనది. ముందునకు వచ్చినప్పుడు కలుగునది స్వల్పమైనది. ఆ ముందు నడకయందే గ్రహము వక్రించినట్లు మనకు కానవచ్చును. మౌఢ్యమనగా గ్రహమునకు కలిగిన యాపద కాదు. సూర్యకాంతిలో మన కంటికి కానరాకుండుట మాత్రమే.

ఈ గతి మన పూర్వులకు తెలియని విషయ మని యెవరును భ్రమపడరాదు. మన సిద్ధాంత గ్రంథములలో బుధశుక్రుల శీఘ్రోచ్చములకు చెప్పిన భ్రమణకాలములు నేటి లెక్కలకు అతిసమీపమున నున్నవి. అవి నిజముగా సూర్యుని చుట్టు ఆ గ్రహములు తిరుగు కాలములే. 1500 ప్రాంతమున కేరళ దేశీయుడగు నీలకంఠ సోమయాజి తన తంత్రసంగ్రహమున ఈ లోపలి గ్రహములకు చేయవలసిన మందసంస్కారమును సూర్యునికి గాక గ్రహమునకే చేయవలెనని నిర్ణయించి, పూర్వగణితమును సరిదిద్దెను. పెద్దలు చెప్పినదానిని గౌరవించుచునే, కంటికి కనబడిన దానితో సరిపోల్చి దిద్దుకొనుట మన సంప్రదాయమే. నరసింగరావుగారు చేసినదియు నదియే; సాధనములు మాత్రము క్రొత్తవి.

లోపలి గ్రహము భూమికిని సూర్యునికిని నడుమకు సరిగా వచ్చినప్పుడు సూర్యబింబముపై నల్లని చుక్కవలె నడచిపోవును. బుధుని కక్ష్య 7 భాగలును, శుక్రుని కక్ష్య మూడున్నర భాగల లోపును వాలియుండుటచే, ఇది ప్రతి పర్యాయమును జరుగదు. బుధుని సంక్రమణము నూరేండ్లకు పదమూడు పదునాలుగు మారులు కలుగును. శుక్రునిది మిక్కిలి యరుదు. ఎనిమిదేండ్ల యెడముతో రెండు జరిగి, పిమ్మట నూరేండ్లకు పైగా మరి కానరాదు. సాధారణముగా సూర్యకాంతిలో మునిగియుండు గ్రహపు స్థానము ఆ సమయమున సెకను లెక్కకు దొరకును. చుక్క బింబపు అంచును తాకిన క్షణమును, విడిచిన క్షణమును గడియారముతో పట్టుకొన్నచో గ్రహగణితపు తప్పొప్పులు బయటపడును. 1868 నవంబరు 5వ తేదీని బుధ సంక్రమణమును నరసింగరావుగారు విశాఖపట్టణమునుండి పరిశీలించిరి. ఆ సంవత్సరము ఆగస్టునెలలోనే సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకై ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ మొదలగువారు గుంటూరునకు వచ్చిరి. పరదేశీయులు మన నేలపై నిలిచి కీర్తి గడించిన ఆ కాలముననే ఒక ఆంధ్రుడు తన యింటినుండి తన వ్యయముతో అదే విద్యను సాగించుచుండె నని మనము మరువరాదు.

1874 డిసెంబరు 9వ తేదీని శుక్ర సంక్రమణము జరిగెను. భూమిపై దూరదూరముగా నున్న తావులనుండి దానిని చూచి సరిపోల్చినచో సూర్యుడెంత దూరమున నున్నాడో లెక్కకట్ట వచ్చును గావున, పాశ్చాత్య ప్రభుత్వములు ఖండఖండాంతరములకు పరిశీలకులను పంపినవి. మన తీరమున ఆ వింత ఉదయమున నారంభమై మధ్యాహ్నప్రాంతము వరకు నడచినది. నరసింగరావుగారు దానిని పరిశీలించి తమ వివరములను లండనునకు పంపిరి. ఇందు మన దేశీయులు వారొక్కరే కారు. చెన్నపట్టణపు వేధశాలయందుండిన చింతామణి రఘునాథాచార్యులుగారు ఆ సంక్రమణమును సామాన్యులకు బోధించు చిన్నపుస్తకమును పలు దేశభాషలలో వెలువరించిరి. ఉత్కళమున ఖండపడా సంస్థానమునందలి సామంత చంద్రశేఖరులు దూరదర్శిని లేకయే సిద్ధాంతగణితముతోను స్వయముగా చేసికొన్న సాధనములతోను ఆకాశమును పరిశీలించి, ఆ శుక్రగతిని తమ సిద్ధాంతదర్పణమున పేర్కొనిరి.

ఒక నల్లచుక్క అంచును తాకిన క్షణము వ్రాసికొనుటచే ఏమి ప్రయోజన మని యడుగువా రుందురు. ఫ్రాన్సు దేశీయుడగు లెవెర్యే అనేక సంవత్సరముల బుధ సంక్రమణపు లెక్కలను పోగుచేసి, బుధుడు సూర్యునికి అతిసమీపమునకు వచ్చు బిందువు న్యూటను గణితము చెప్పినదానికంటె కొంచె మెక్కువగా జరుగుచున్నదని 1859లో చూపెను. ఆ యెక్కువ నూరేండ్లకు 43 వికలలు మాత్రమే యని తరువాత స్థిరపడినది. దానికి కారణముగా కనబడని మరియొక గ్రహమును కల్పించి వెదకిరి, అది దొరకలేదు. తుదకు 1915లో ఐన్‌స్టైను క్రొత్త గురుత్వ సిద్ధాంతముతో ఆ వికలల చిక్కు విడదీసెను. ఆకర్షణమును గూర్చిన మానవుల యభిప్రాయమే మారుటకు ఓపికగల పరిశీలకులు తమ తమ యూళ్లలో వ్రాసియుంచిన చిన్న లెక్కలు సాక్ష్యములైనవి. అట్టి సాక్షుల పంక్తిలో నిలువదగినవారు నరసింగరావుగారు.

వారు 1892లో కీర్తిశేషులైరి. వారి భార్య అచ్చయ్యమ్మగారును, కుమారులు జగ్గారావుగారును వేధశాలను నిలుపుటకు పాటుపడిరి. కాని 1921లో ఆ కుమారులు గతించిన తరువాత ఆ దీపము మునుపటివలె వెలుగలేదు. ఇందుకు ఒక్క కుటుంబమును నిందించుట న్యాయము కాదు. మూడు తరములు ఒక యిల్లు మోసిన బరువును పదిమంది పంచుకొని యుండవలసినది. మరియొక మాట కూడ చెప్పక తప్పదు. నరసింగరావుగారి లెక్కలు ఆంగ్లభాషలో లండనున వెలువడెను. అవి తెలుగు పంచాంగకర్తల చేతి కెంతవరకు చేరెను? దాబా గార్డెన్సులోని దూరదర్శినికిని గోదావరీతీరపు పంచాంగ కర్త యింటికిని నడుమ వంతెన కట్టబడలేదు. గణించువాడు చూడక, చూచువాడు మన భాషలో చెప్పక, విద్య రెండు ముక్కలైనది. ఇది మన జాతికి కలిగిన నిజమైన నష్టము.

ఆ నష్టమును కొంతయైనను పూడ్చుకొను సమయము ముందున్నది. శుక్ర సంక్రమణము 2012 తరువాత 2117 వరకు లేదు. దానిని మన మనుమల మనుమలకు వదలవలసినదే. బుధ సంక్రమణ మట్లు కాదు. 2032 నవంబరు 13వ తేదీని మధ్యాహ్నము మొదలు సాయంకాలమువరకు మండపేటలో నిలిచినవారికిని అది ఆద్యంతము గోచరించును. బుధుడు మిక్కిలి చిన్నవాడగుటచే వట్టి కంటికి కానరాడు. సూర్యుని సూటిగా చూచుట కంటికి చేటు. చిన్న దూరదర్శినినుండి సూర్యబింబమును తెల్లకాగితముపై పడనిచ్చినచో పాఠశాల బాలురందరును ఒకేమారు చూడగలరు. అందుకు కావలసినది ఒక పంటలో పోవు సంబరపు ఖర్చులో కొంతభాగమే. మన గ్రామములలోని భూస్వాములును, పట్టణములలోని వర్తకులును తమ యూరి పాఠశాల కొక దూరదర్శినిని సమకూర్చుదురు గాక. పంచాంగకర్తలు ఆ బాలుర ప్రక్కన కూర్చుండి తమ గణితముతో ఆ క్షణమును సరిచూచుకొందురు గాక. నరసింగరావుగారికి శిలావిగ్రహ మెత్తుటకంటె ఇది యెక్కువ యని మా నమ్మకము.