దామెర్ల రామారావు

గోదావరి పాపికొండల నడుమ ఇరుకైన త్రోవలో ప్రవహించి, కొండలు దాటినంతనే విశాలమై రాజమహేంద్రవరము చేరును. ఆ నదీతీరమున 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీన దామెర్ల రామారావు జన్మించెను. ఆయన జీవితకాలము నిండ ఇరువదియెనిమిది సంవత్సరములైనను లేదు. అయినను ఆధునికాంధ్ర చిత్రకళకు దారి తీసినవారిలో ఆయన అగ్రగణ్యుడు.

రామారావునకు చిన్నతనమునుండియు బొమ్మలు గీయుటయందు మిక్కుటమైన ఆసక్తి. ఆ రోజులలో రాజమహేంద్రవర ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు అధ్యక్షుడు. ఆయన స్వయముగా చిత్రకారుడు. అడివి బాపిరాజు మున్నగు యువకులకు గురువు. రామారావునందలి ప్రతిభను ఆ దొర గుర్తించి, అతడు బొంబాయి జె.జె. కళాశాలలో చేరుటకు తోడ్పడెను. 1916లో రామారావు అచట విద్యార్థి అయ్యెను.

బొంబాయిలో పాశ్చాత్య పద్ధతి బోధింపబడుచుండెను. మానవాకృతిని కొలత తప్పక గీయుట, వెలుగునీడలు చూపుట అచటి విద్య. కలకత్తాలో అవనీంద్రనాథ ఠాకూరు, ఆయన శిష్యులు ప్రాచీన భారతీయ రీతిని పునరుద్ధరించుచుండిరి. రామారావు ఈ రెంటినుండియు నేర్చుకొనెనేగాని, దేనికిని దాసుడు కాలేదు. తెలుగు స్త్రీల కట్టుబొట్టు, పండుగలు, గోదావరి నీరు, తూర్పు కనుమలు ఆయన చిత్రములకు వస్తువులయ్యెను.

ఆయన నీటిరంగులతో ప్రకృతి దృశ్యములను మనోహరముగా చిత్రించెను. ఈ విధానము సులభమైనది కాదు. కాగితపు తెల్లదనమే ఇందు వెలుగగును. ఒకమారు పరచిన రంగును చెరపివేయుట కష్టము. కావున కుంచె ముంచుటకు ముందే చిత్రకారుడు దృశ్యమును చక్కగా పరిశీలించి, మనస్సున నిలుపుకొనవలెను. ఋష్యశృంగ బంధనము, సిద్ధార్థ రాగోదయము, పుష్పాలంకారము, కార్తీక పౌర్ణమి ఆయన ప్రసిద్ధ చిత్రములు. ఋష్యశృంగ బంధనమునకు కలకత్తా ప్రదర్శనమున బహుమానము లభించెను. ఆయన దృశ్యచిత్రమొకదానిని నాటి రాజప్రతినిధి లార్డు రీడింగు కొనెను.

కీర్తి లభించినను రామారావు మహానగరమున స్థిరపడగోరలేదు. స్వస్థలమునకు మరలివచ్చి, చిత్రకళాశాలను నెలకొల్పి, తాను నేర్చినదానిని తోడివారికి నేర్పసాగెను. ఇంతలో మశూచి సోకెను. 1925 ఫిబ్రవరి 6వ తేదీన ఆయన కన్నుమూసెను. 1980లో ప్రపంచమునుండి నిర్మూలమైనదని ప్రకటింపబడిన ఆ వ్యాధి, నాడు ఎందరి ప్రాణములనో హరించుచుండెను.

గురువు పోయినను విద్య నిలిచెను. మిత్రుడు వరదా వెంకటరత్నము కళాశాల భారమును తనపై వేసికొని నడిపెను. భార్య సత్యవాణి ఆయన చిత్రములను పదిలపరచెను. రాజమహేంద్రవరమున ఆయన పేర వెలసిన చిత్రశాలలో వానిని చూడవచ్చును.

రామారావు తన ఊరి నదినే తన కళకు ఆధారము చేసికొనెను. గోదావరి అందరి ముంగిట ప్రవహింపదు. అయినను వికారాబాదు బాలునకు మూసీనది పుట్టిన అనంతగిరి కొండలు కలవు. తాండూరు బాలికకు నాపరాతి గనుల పొరపొరల రంగులు కలవు. నిత్యము చూచెడి దృశ్యమును క్రొత్తగా చూడనేర్చిన కన్నే చిత్రకారునకు తొలి సాధనము.