సౌందర్య

తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసు నుండి తరలివచ్చి హైదరాబాదులో స్థిరపడుతున్న కాలమది. షేక్‌పేట ప్రాంతపు రాతిగుట్టల నడుమ జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ కాలనీలు వెలిశాయి, స్టూడియోలు వచ్చాయి. ఆ దశలోనే కన్నడ సీమ నుండి వచ్చిన ఒక యువతి పదేళ్లపాటు తెలుగువారి ఆడపడుచుగా మన్ననలందుకొంది. ఆమె సౌందర్య.

ఆమె అసలు పేరు సౌమ్య. స్వస్థలం కర్ణాటకలోని కోలారు జిల్లా ముళబాగిలు ప్రాంతం. అది చిత్తూరు జిల్లా సరిహద్దుకు చేరువలోనిది. అక్కడి వీధులలో కన్నడంతో పాటు తెలుగు కూడా వినబడుతుంది. తండ్రి సత్యనారాయణ కన్నడ చిత్ర రచయిత, నిర్మాత. వైద్యవిద్యలో చేరిన సౌందర్య మొదటి సంవత్సరంతోనే చదువు విరమించి నటనను చేపట్టింది. 1992లో కన్నడ చిత్రం ‘గంధర్వ’లో, 1993లో తెలుగు చిత్రం ‘మనవరాలి పెళ్లి’లో నటించింది. ఆ ఏడే వచ్చిన ‘రాజేంద్రుడు గజేంద్రుడు’, ‘మాయలోడు’ ఆమెను ప్రేక్షకులకు చేరువ చేశాయి.

కోడి రామకృష్ణ దర్శకత్వంలో 1995లో విడుదలైన ‘అమ్మోరు’ ఆమె ప్రతిభను చాటింది. గ్రాఫిక్స్ మాయాజాలం ఎంత ఉన్నా, గ్రామదేవతనే నమ్ముకొన్న అమాయకురాలి భయాన్నీ భక్తినీ ఆమె ముఖమే పలికించింది. ‘పెళ్లి చేసుకుందాం’ (1997)లో అత్యాచారానికి గురైన స్త్రీ ఆత్మగౌరవంతో నిలబడటాన్ని చూపింది. ‘అంతఃపురం’ (1998)లో ముఠాకక్షల ఇంట చిక్కుకొని, భర్తను పోగొట్టుకొని, బిడ్డను కాపాడుకొనడానికి మామను ఎదిరించిన కోడలి పాత్ర నిస్సందేహంగా ఆమె ఉత్తమ నటన. పెక్కు తెలుగు చిత్రాలలో ఆమెకు ఇతరులు గాత్రదానం చేశారు. అయినా ప్రేక్షకుల మనసున నిలిచినవి ఆ కన్నులే. అంగాంగ ప్రదర్శనకు లోనుగాక అగ్రతారగా నిలవడం నాటి చిత్రరంగంలో సామాన్య విషయం కాదు.

ఆమె ఐదు భాషలలో వందకు పైగా చిత్రాలలో నటించింది. గిరీష్ కాసరవల్లి దర్శకత్వంలో ‘ద్వీప’ అనే కన్నడ చిత్రాన్ని స్వయంగా నిర్మించింది. ఆనకట్ట నీటిలో మునిగిపోనున్న పల్లెను విడువలేని కుటుంబపు కథ అది. 2001 సంవత్సరానికి జాతీయ ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం పొందింది.

2004లో ఎన్నికలు వచ్చాయి. భారతీయ జనతా పార్టీ తరఫున కరీంనగర్‌లో ప్రచారం చేయడానికి ఏప్రిల్ 17న సౌందర్య తన అన్న అమర్‌నాథ్‌తో కలిసి బెంగళూరులోని జక్కూరు నుండి బయలుదేరింది. వారు ఎక్కినది ఒకే ఇంజను గల చిన్న సెస్నా విమానం. నేలను విడిచిన తొలి క్షణాలలో అటువంటి విమానానికి వేగమూ తక్కువే, ఎత్తూ తక్కువే. అప్పుడు పట్టు తప్పితే ముక్కు దించి వేగం పుంజుకొనడానికి చాలినంత ఎత్తు ఉండదు, వెనుదిరిగి దిగడానికి వ్యవధీ ఉండదు. ఆ విమానం పైకి లేచిన కొద్దిసేపటికే వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో కూలి మంటలలో చిక్కుకొంది. అందులోని నలుగురూ మరణించారు. అప్పటికి సౌందర్యకు ముప్పై రెండేళ్లు నిండలేదు. వివాహమై ఏడాది పూర్తి కాలేదు.

కన్నడ చిత్రం ‘ఆప్తమిత్ర’ ఆమె మరణానంతరం ఆగస్టులో విడుదలై ఘనవిజయం సాధించింది. నందమూరి బాలకృష్ణ దర్శకత్వంలో ఆమె ద్రౌపదిగా ఆరంభమైన ‘నర్తనశాల’ మాత్రం ఆగిపోయింది. అప్పటికి చిత్రీకరించిన భాగం, సుమారు పదిహేడు నిమిషాల నిడివి గలది, 2020 దసరాకు ప్రేక్షకుల ముందుకు వచ్చింది.