ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారి జీవితము - కూలివాని హక్కు

మన సంఘ వార్షిక మహాసభా సంచికయందు మన కులమున జన్మించిన మహనీయుల చరిత్రములను ప్రకటించుట ఆచారము. ఈయేడు సంపాదకవర్గమువారు మమ్ము ఒక వ్యాసము వ్రాయుమని కోరగా, మేము మన కులమున జన్మింపని యొక పుణ్యపురుషుని చరిత్రమును వ్రాయ సంకల్పించితిమి. కొందఱు పెద్దలు దీని నాక్షేపింపవచ్చును. కాని మన కులనామమును శిరమున దాల్చి తెలుగుదేశమంతట వెలసిన మాలపల్లి గ్రంథమును రచించినవానిని మనము స్మరింపమేని కృతఘ్నులమగుదుము. ఊరక స్తుతించి విడుతుమేని అవివేకులమగుదుము. ఈ రెండు దోషములును తగులకుండ ఆయన చరిత్రమును సంగ్రహముగా నివేదించుటయే మా యుద్దేశము.

ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు 1877 సంవత్సరము డిసెంబరు 4వ తేదీన గుంటూరు మండలమునందలి నాటి సత్తెనపల్లి తాలూకా వేములూరిపాడు గ్రామమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. తల్లిదండ్రులు శేషమ్మ, శ్రీరాములుగారలు. గుంటూరున చదివి, రాజమహేంద్రవరమున ఉపాధ్యాయశిక్షణము పొంది, పిదప న్యాయవాదవృత్తి నవలంబించిరి. ఆ దినములలో కందుకూరి వీరేశలింగము పంతులుగారి సంస్కారోద్యమము యువకులను మేల్కొలుపుచుండెను. లక్ష్మీనారాయణగారును ఆయన సహధర్మచారిణి లక్ష్మీబాయమ్మగారును ఆ మార్గమున నడచి, గుంటూరున వితంతువులకు ఆశ్రయమిచ్చి, వారికి పునర్వివాహములు చేయించిరి. ఆ కాలమున నిట్టి పనికి బూనినవారికి బంధువుల పంక్తిలో విస్తరి దొరకుట దుర్లభము. ఆ దంపతులు దానికి వెఱచినవారు కారు.

అటుపిమ్మట బారిష్టరు పరీక్షకై ఆయన ఐర్లండు దేశమునందలి డబ్లిను నగరమునకు బోయిరి. ఆ దేశమప్పుడు ఆంగ్లేయుల పాలననుండి విముక్తికై పెనుగులాడుచుండెను. ఆ దశాబ్దమునందే, 1913లో, ఆ నగరమున ఇరువదివేలమంది కార్మికులు తమ సంఘమును నిలుపుకొనుటకై నెలలతరబడి పస్తులుండి యజమానుల నెదిరించిరి. సంఘము విడిచితిమని వ్రాసియిచ్చినవారికే పనియని యజమానులు పట్టుపట్టుటయే ఆ కలహమునకు మూలము. దేశస్వాతంత్ర్యమును కూలివాని బ్రదుకును వేర్వేఱు కావని గ్రహించుటకు అంతకంటె తగిన పాఠశాల మఱియొకటి యుండదు. 1917లో రష్యా దేశమున జరిగిన విప్లవవార్త తెలుగుదేశమునకును సోకినది; దాని జాడ ఆయన రచనయందు స్పష్టముగా గానవచ్చును.

స్వదేశమునకు వచ్చినపిదప ఆయన గాంధీమహాత్ముని సహకారనిరాకరణోద్యమమున జేరిరి. 1921లో పల్నాటిసీమయందు పుల్లరి కలహము పుట్టెను. అడవిలో పసులను మేపుకొన్నందులకు సర్కారువారు వసూలుచేయు పన్నునకు పుల్లరియని పేరు. ఆ పన్ను కట్టమని రైతులు నిలువగా, వారి కష్టములను విచారించుటకు లక్ష్మీనారాయణగారును వేదాంతము నరసింహాచార్యులుగారును మాచెర్లకు బోయి నిర్బంధింపబడిరి. ఆ యుద్యమమునందే కన్నెగంటి హనుమంతు 1922లో సర్కారు తుపాకులకు బలియయ్యెను. లక్ష్మీనారాయణగారికి కారాగారశిక్ష విధింపబడెను. ఆ చెఱసాలలోనే మాలపల్లి పుట్టినది. దానికి సంగవిజయమని మఱియొక పేరు.

కథానాయకులు మాలపల్లెలో కాపురముండు రామదాసు కుటుంబమువారు. చిన్నకొడుకు సంగదాసు చౌదరయ్యయను భూస్వామికడ పాలేరు. చౌదరయ్య కుమారుడు రామానాయుడు సంగదాసునకు స్నేహితుడు. ధాన్యపు ధరలు పెరిగినకాలమున యజమానులు గింజలకూలి మాని రొక్కపుకూలి యిచ్చెదమనగా, సంగదాసు కూలివారిని కూడగట్టి యెదుర్కొనును. ఆ కలహమున చౌదరయ్య కొట్టిన దెబ్బకు మృతినొందును. అన్న వెంకటదాసు ధర్మమార్గమునందు నమ్మకము నశించి, ధనవంతులను దోచి పేదలకు పంచు దళమునకు నాయకుడగును. సంగదాసు పేర సంగపీఠము వెలయును. ఒకే తల్లి కడుపున ఇద్దఱు కొడుకులు రెండు త్రోవలు త్రొక్కుటను గ్రంథకర్త చూపెను. రెంటికిని కారణమైన ఆకలిని మాత్రము మరువనీయలేదు.

గింజలకూలి సంగతి నేటి యువకులకు వివరింపవలసియున్నది. కూలి ధాన్యముగా నిర్ణయింపబడినప్పుడు బజారున ధర పెరిగినను తరిగినను కూలివాని కుండలో బడు గింజలొక్కటే. 1914 మొదలు 1918 వరకు జరిగిన మహాయుద్ధమువలన ధరలు మిన్నంటినవి. అప్పుడు గింజలను గాదెలలో నిలువజేసి, ఎక్కువ ధరకు అమ్ముకొని, కూలివానికి పాతలెక్క చొప్పున రొక్కమిచ్చినచో లాభమంతయు యజమానునిది, పస్తు కూలివానిది. పైకి చూచినచో ఇది వట్టి మార్పు. లోన చూచినచో నోటికాడి కూడు తీయుట. ఈ సూక్ష్మమును కథలో నిమిడ్చి లోకమునకు చూపుటయే మాలపల్లి గొప్పతనమని మా యభిప్రాయము.

మా తల్లియు కూలికి బోయినదే. మిరపకోతల దినములలో ఆమె చేతులమంట చల్లారక రాత్రులు నీళ్లకుండకు అరచేతులానించి కూర్చుండెడిది. జొన్నకోతల కాలమున సాయంకాలము కల్లముకడ కూలి కొలుచునప్పుడు మానిక పొంగ గొలుతురో, అంచుకు గీసి కొలుతురో యని ఆమె చూపు ఆ మానికమీదనే నిలుచుటను బాల్యమున మేము చూచితిమి. పెద్దవారమై సంస్కృతము చదివి దానధర్మములను గూర్చి యెన్నియో శ్లోకములు వల్లించితిమి. కాని కూలి దానము కాదు, ఋణము; పని ముగిసిన క్షణముననే తీర్పవలసిన ఋణము అను మాట మాకు మాలపల్లి చదివినప్పుడే మనసున నాటినది. ఆ మానికయే మరల కన్నులయెదుట నిలిచినది.

నాటి కార్మికోద్యమచరిత్రముతో పోల్చిచూచినచో ఆయన దూరదృష్టి తెలియగలదు. 1918లో మదరాసునందు మిల్లు పనివారికై మదరాసు కార్మిక సంఘము ఏర్పడెను. 1920లో బొంబాయియందు అఖిలభారత ట్రేడుయూనియను కాంగ్రెసు పుట్టెను. 1926లో కార్మిక సంఘములకు చట్టము వచ్చెను. ఇవి యన్నియు ప్రధానముగా మిల్లులలోను రైలుశాఖలోను పనిచేయువారికి సంబంధించినవి. గుంటూరు నల్లరేగడిలో ప్రత్తితీయు కూలివానికి, మిరపతోటలో వంగినడుము ఎత్తని ఆడుకూతురికి నాడు సంఘమను పేరే తెలియదు. వ్యవసాయకూలీల సంఘములు మన జిల్లాలలో తలయెత్తుట ఆ తరువాతి మాట. అంతకు పూర్వమే, 1922లోనే, పొలము కూలివాండ్ర సమ్మెను కథకు ప్రాణముగా జేసినవారు పంతులుగారు.

గ్రంథము వెలువడినంతనే సర్కారువారు దానిని నిషేధించిరి. 1928లో కొన్ని మార్పులతో నిషేధము తొలగెను. ఆంధ్ర విశ్వవిద్యాలయమువారు పాఠ్యగ్రంథముగా నుంచగా 1936లో మరల నిషేధము పడెను. 1937లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము వచ్చినపిదప అదియు తొలగెను. కవులు రాజులను పొగడిన గ్రంథములకు అగ్రహారములు దొరకినవి. కూలివానిని పొగడిన గ్రంథమునకు రెండు నిషేధములు దొరకినవి. వేఱు ప్రశంస యేల?

భాషావిషయమునను ఒక మాట చెప్పక తప్పదు. మేము గ్రాంథికమునకు అలవడినవారము; ఈ వ్యాసమును కూడ అట్లే వ్రాయుచున్నాము. పంతులుగారు మన పల్లెవారి పలుకుబడిని అచ్చులోనికి తెచ్చి దానికి గౌరవము కలిగించిరి. మన అవ్వలు మాటలాడిన భాష సరస్వతీమందిరమున బ్రవేశింప నర్హమని నిరూపించుటయు ఒక హక్కును నిలుపుటయే.

1922లోనే ఆయన గుంటూరున శారదానికేతనమును స్థాపించిరి. బాలికలకు చదువును చేతిపనులను నేర్పు ఆ సంస్థను లక్ష్మీబాయమ్మగారు కంటికి రెప్పవలె కాపాడిరి. పల్నాటి చరిత్రము నాధారముచేసికొని పంతులుగారు నాయకురాలు అను నాటకమును రచించిరి. ఉప్పు సత్యాగ్రహమునందును, 1942 నాటి క్విట్టిండియా యుద్యమమునందును పాల్గొనిరి. 1958 సెప్టెంబరు 25వ తేదీన దివంగతులైరి.

ఇక గుణముతోపాటు కొఱతయు చెప్పవలెను. రామదాసును గ్రంథకర్త పరమశాంతునిగా, భక్తునిగా చిత్రించెను. కొడుకును పోగొట్టుకొనియు ఓర్పునే యాశ్రయించు ఆ వృద్ధుని జూచి అగ్రకులములవారు కన్నీరు విడిచిరి. కాని ఓర్పు మనకు క్రొత్తగా నేర్పవలసిన విద్య కాదని మా తరమువారు పలువురు ఆక్షేపించిరి. ఆ యాక్షేపణ న్యాయమైనదే. పంతులుగారు మన వాడ గడపవఱకు వచ్చి లోనికి తొంగిచూచిన మహానుభావులు. గడపలోపల బుట్టిన స్వరము వేఱు. ఆ స్వరమును ఆ కాలముననే రాజమహేంద్రవరమున కుసుమ ధర్మన్నగారు వినిపించిరి. మన వినుకొండయందు బుట్టిన జాషువా మహాకవి 1941లో గబ్బిలమున వినిపించెను. 1917లో బెజవాడయందు భాగ్యరెడ్డివర్మగారి యధ్యక్షతన జరిగిన మహాసభ పంచములమను పేరును త్రోసిపుచ్చి ఆది ఆంధ్రులమని చాటినది. మన పేరును మనమే నిర్ణయించుకొన్న యైదేండ్లకు మాలపల్లి వచ్చినదని మఱువరాదు. కావున మన హక్కులు పరులు దయచేసినవి కావు; దయగలవారు మనతో గలసి నడచిరి. ఈ భేదము నెఱిగి కృతజ్ఞత చూపుటయే పౌరుషము.

సంగదాసు కథ ముగిసినదా యని యువకులు మమ్మడుగుదురు. 1948లో కనీస వేతనముల చట్టము వచ్చెను. 1976లో వెట్టిచాకిరి రద్దుచట్టము వచ్చెను. అయినను 1985లో కారంచేడున ఆరుగురు, 1991లో చుండూరున ఎనమండుగురు మనవారు హతులైరి. కారంచేడున కలహమునకు మొదలు త్రాగునీటి చెరువు. పశువులను కడిగి నీరు చెరుపవద్దన్నందులకు. చట్టము పుస్తకమున నుండును. దానిని పొలము గట్టుమీదికి దింపవలసినది సంఘబలము. సంగదాసు చేసిన పని అదియే. ఆతడు దెబ్బకు బడెను గాని, కూలివారు ఒక్కటిగా నిలిచిన యా యుదయము పడిపోలేదు.

కావున సోదరసోదరీమణులకును, ఈ సంచికను ఆదరించు పోషకమహాశయులకును మా విన్నపమొకటి. ప్రతిపల్లెయందలి మన సంఘశాఖ మాలపల్లిని ఒక్కప్రతియైన కొనియుంచి, రాత్రివేళ చదువురాని పెద్దలకు చదివి వినిపింపుడు. గింజలకూలి ఘట్టమున ఆగి, నేడు మన యూర ప్రత్తితీతకు, మిరపకోతకు కూలి యెంత, చట్టము చెప్పిన దెంత, ఆడువారికి తక్కువ యేల యని అడుగుడు. ఆ ప్రశ్న నడుగగల గ్రామమున పంతులుగారి శ్రమ సార్థకము. అడుగలేని గ్రామమున ఎన్ని విగ్రహములు నిలిపినను వ్యర్థము.

స్వస్తి.